రాజుగారి పక్కలో బాతు

భీమవరం చుట్టుపక్కల ఆదినారాయణరాజుగారు రెండింటికి పేరుపడ్డారు. ఒకటి రొయ్యల చెరువులు, రెండోది ఊపిరి. చెరువులు ఆ ప్రాంతంలో ఎవరికైనా ఉంటాయి. అలాంటి ఊపిరి మాత్రం ఇంకెవరికీ లేదు. పౌరాణిక నాటకంలో రాజవేషం కట్టి, పద్యం చివర ఆయన రాగం ఎత్తుకున్నారంటే, ముందు వరసలో వాళ్లు తమకు తెలియకుండానే తామూ ఊపిరి బిగబట్టేవారు. కాసేపటికి వాళ్లే ఓడిపోయి ‘హమ్మయ్య’ అని వదిలేసేవారు. రాజుగారి రాగం ఇంకా సాగుతూనే ఉండేది. పాలకొల్లులో ఇత్తడి సామాన్ల కొట్టు నడిపే గున్నేశ్వరరావుగారు ఆయన పక్కన కాళ్ల హార్మోనియం తొక్కేవారు. “పాడేది మీరు, ఆయాసం నాదండి” అని ఆయన నాటకం అయ్యాక పిక్కలు పట్టుకుంటూ అనేవారు.

రెండువేల మూడు వానాకాలంలో ఆ ఊపిరికే ముప్పొచ్చింది.

మేత బస్తాలతో ట్రాక్టరు చెరువు గట్టు మీదికి వెనక్కి వస్తోంది. రాజుగారు వెనక నిలబడి “రానీ, రానీ” అని కేకలేస్తున్నారు. నానిపోయిన గట్టు అంచు ఒక్కసారిగా జారింది. ట్రాక్టరు వెనక ట్రక్కు పక్కకి ఒరిగి, దాని ఇనుప అంచు రాజుగారి ఎడమ పక్కటెముకల్ని గుద్దింది. ఆయన కిందపడ్డారు, ఎడమ పాదం చక్రం కింద పడింది. పనివాళ్లని పిలుద్దామని నోరు తెరిచారు. కేక రాలేదు. ఆ సంగతి ఆయన తర్వాత ఎంతోమందికి చెప్పుకున్నారు. కాలు నలిగినందుకు కాదండీ, నోరు తెరిస్తే కేక రాలేదే, అప్పుడు భయమేసింది అని.

భీమవరం ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే సంగతి తెలిసింది. విరిగిన పక్కటెముక మొన ఊపిరితిత్తికి గుచ్చుకుంది. చిల్లులోంచి బయటపడ్డ గాలి ఛాతీలో చేరి, ఊపిరితిత్తి గాలి తీసిన సైకిల్ ట్యూబులా ముడుచుకుపోయింది. చంక కింద చిన్న గాటు పెట్టి, వేలు లావు గొట్టం ఛాతీలోకి దింపారు. గొట్టం రెండో కొస మంచం కింద నీళ్ల సీసాలో మునిగి ఉంది. రాజుగారు ఊపిరి వదిలినప్పుడల్లా సీసాలో బుడగలు లేచేవి. ఆయన భార్య బుల్లెమ్మగారు పీట వేసుకుని ఆ సీసా ముందు కూర్చుంది. బుడగలు వస్తే మంచిదో, రాకపోతే మంచిదో తెలియక, వచ్చినప్పుడూ కంగారుపడింది, రానప్పుడూ కంగారుపడింది.

ఊపిరితిత్తి మెల్లగా విచ్చుకుంది. పాదం మాత్రం ఎదురు తిరిగింది. ఆపరేషన్ చేసి ఎముకలు కుదిర్చినా, పైన చర్మం రోజురోజుకీ నల్లబడుతోంది. రక్తం సరిగా అందడం లేదనీ, ఇలాగే ఉంటే సగం పాదం తీసేయాల్సి రావచ్చనీ డాక్టరు చెప్పాడు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆక్సిజన్ ఛాంబర్ ఉంది, అక్కడ ప్రయత్నించి చూడమని చీటీ రాసిచ్చాడు.

అంబులెన్సులో రాజమండ్రి వెళ్లారు. దారి పొడుగునా గొట్టం కదిలి పక్కటెముకల మధ్య కలుక్కుమంటోంటే, రాజుగారు మనసులో ఒక నిర్ణయానికొచ్చారు. కాలు సంగతి తర్వాత, ముందు ఈ గొట్టం పీకించుకోవాలి.

రాజమండ్రి డాక్టరు ఉదయ్‌భాస్కర్ చాలా ఏళ్లు నేవీలో ఉండి వచ్చినవాడు. సముద్రం అడుగున పనిచేసే డైవర్లకి వైద్యం చేసినవాడు. గట్టిగా మాట్లాడడు. గట్టిగా మాట్లాడేవాళ్లని ఓపిగ్గా వింటాడు. రాజుగారు చెప్పిందంతా విన్నాడు.

“అయితే ఊపిరితిత్తి విచ్చుకుంది కాబట్టి గొట్టం తీసేయమంటారు.”

“ఆయ్, అదేనండి. పని అయిపోయాక ఇంకా ఎందుకండీ అది?”

“తీసేస్తే మిమ్మల్ని ఛాంబర్లోకి పంపను రాజుగారూ.”

రాజుగారు భార్య వైపు చూశారు. బుల్లెమ్మగారు డాక్టరు వైపే చూస్తోంది.

“ఆ పెట్టెలోకి గాలి ఎక్కించి ఒత్తిడి పెంచుతామండి, బయట ఉన్నదానికి రెండు రెట్లు దాటి,” అన్నాడు డాక్టరు. “ఆ ఒత్తిడిలో మీరు ఆక్సిజన్ పీలిస్తే అది రక్తంలో బాగా కరిగి, మీ పాదంలో అందని చోట్లకి కూడా అందుతుంది. అంతవరకూ మంచిదే. కానీ మీ ఊపిరితిత్తి చిల్లు పూర్తిగా మూసుకుందని నేను చెప్పలేను. లోపల ఉండగా ఆ చిల్లులోంచి కాస్త గాలి జారి ఛాతీలో చేరిందనుకోండి. ఒత్తిడిలో ఉన్నంతసేపూ అది చిన్నగానే ఉంటుంది, మీకు తెలీనే తెలీదు. బయటికి తీసుకొచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గిస్తాం కదా, అప్పుడు ఆ కాస్త గాలే ఉబ్బుతుంది. దానికి బయటికి దారి లేకపోతే ఊపిరితిత్తిని మళ్లీ నొక్కేస్తుంది. ఇంకా ఉబ్బితే గుండెని పక్కకి నెడుతుంది. మామూలుగా అయితే ఇలాంటి పేషెంటుని అసలు లోపలికే పంపం. పాదం పోతుందని పంపుతున్నాను. దారి ఉంటేనే పంపుతాను.”

“ఆ దారే ఈ గొట్టం,” అంది బుల్లెమ్మగారు.

“అంతేనమ్మా.”

“ఉంచండి,” అందావిడ, భర్తని అడక్కుండానే.

ఛాంబర్లోకి నీళ్ల సీసా బాగోదని, గొట్టం చివర వేలెడంత ప్లాస్టిక్ కవాటం ఒకటి తగిలించారు. లోపల పల్చటి రబ్బరు నాలుక ఉంటుంది. గాలి బయటికి పోనిస్తుంది, లోపలికి రానివ్వదు. రాజుగారు దగ్గితే చాలు, ఆ రబ్బరు నాలుక అదిరి అచ్చంగా బాతు అరిచినట్టు క్వాక్‌మనేది. అక్కడి నర్సులు దాన్ని బాతనే అంటారు. దీనమ్మ అనే నర్సు మొదటిసారి తగిలించినప్పుడు, “బాతు అరిస్తే భయపడకండి సార్. అరవాల్సినప్పుడు అరవకపోతేనే నాకు చెప్పండి” అంది. ఆమె గట్టి మనిషి. ఛాంబర్లో పేషెంట్లతోపాటు లోపల కూర్చోవడం ఆమె ఉద్యోగం.

సభల్లో చప్పట్లకి అలవాటుపడ్డ మనిషి, తుమ్మితే చంకలోంచి బాతు పలకడం చూసి చాలా నామోషీ పడ్డారు.

ఛాంబర్ అంటే ఏదో మంచమంత పెట్టె అనుకున్నారు ఆయన. తీరా చూస్తే పెట్రోలు ట్యాంకరుని తెచ్చి గదిలో పడుకోబెట్టినట్టుంది. తెల్ల రంగు, పక్కన గుండ్రటి కిటికీలు, బ్యాంకు లాకరుకి ఉన్నట్టు బరువైన తలుపు. లోపల ఒక పక్క స్ట్రెచరు పట్టే చోటు, ఇంకో పక్క బల్ల. లోపలికి వెళ్లేముందు చేసిన హంగామా ఇంతా అంతా కాదు. తలకి నూనె ఉండకూడదు, నిప్పంటుకుంటుంది. నూలు బట్టలే కట్టాలి. వాచీ, ఉంగరాలు, అగ్గిపెట్టె ఏవీ ఉండకూడదు. బుల్లెమ్మగారు అప్పుడే ఆయన తలకి దట్టంగా కొబ్బరినూనె పట్టించి దువ్వి ఉంది. దీనమ్మ చూసి ఏమీ అనకుండా షాంపూ తెచ్చింది.

లోపల ఆయనకి తోడు ఇంకో పేషెంటు ఉంది. పేరు పాపాయమ్మ. తునిలో తమలపాకుల వ్యాపారం. షుగరు వల్ల కాలి పుండు మానక, రాజుగారి కంటే ముందునుంచే ఛాంబర్లోకి వస్తోంది. అందుచేత ఆ ఛాంబర్ తన సొంతిల్లన్నట్టు, రాజుగారు అందులోకి చుట్టంగా వచ్చినట్టు చూసింది.

“కొత్తాండీ?” అందావిడ. “చెవులు దిబ్బడేస్తాయి. గుటకలెయ్యండి. గుటకకి రాకపోతే ముక్కు మూసుకుని ఊదండి. మొదటిరోజు నేను సిగ్గుపడి ఊదలేదండి. రాత్రంతా చెవిపోటు.”

“మీరు ఊదద్దు రాజుగారూ, గుటకలు మాత్రమే,” అంది దీనమ్మ. “మీ ఛాతీకి అది మంచిది కాదు.”

తలుపు మూశారు. గాలి ‘సుయ్’మంటూ లోపలికి రావడం మొదలైంది. గది వేడెక్కింది. రాజుగారు మింగిన గుటకలకి లెక్కలేదు. ఒత్తిడి సరిపోయాక గాలి చప్పుడు ఆగింది. ఆయన గొంతు సవరించుకుని, “ఇంతేనా?” అన్నారు.

అని, ఉలిక్కిపడ్డారు. ఆ గొంతు ఆయనది కాదు. ఎవరో ముక్కుతో మాట్లాడినట్టుంది.

“గాలి చిక్కగా ఉంటుంది సార్, గొంతు అలాగే మారుతుంది,” అంది దీనమ్మ. ఆమె గొంతూ అలాగే ఉంది.

“ఈల కూడా రాదండి,” అంది పాపాయమ్మ. “మా మనవడికి చెబితే నమ్మలేదు.”

రాజుగారు ఈల వేసి చూశారు. నిజంగానే రాలేదు. ఆక్సిజన్ మాస్కు పెట్టాక మాట్లాడే వీలు లేక, ఉన్న కాసేపూ నోరు మూసుకున్నారు. వాళ్ల ఊరివాళ్లు ఎవరైనా చూసుంటే ఆ వైద్యం గొప్పదనడానికి అదొక్కటి చాలనుకునేవారు.

మొదటి రోజులు సాఫీగానే నడిచాయి. బయటికి వచ్చే సమయం అయ్యేసరికి దీనమ్మ మాస్కు తీసేది. ఒత్తిడి తగ్గుతుంటే గది చల్లబడి, లోపల సన్నటి పొగమంచు పట్టేది. “ఊపిరి బిగబట్టకండి, మామూలుగా వదులుతూ ఉండండి” అని స్పీకర్లో డాక్టరు గొంతు వచ్చేది. బాతు ఒకటి రెండుసార్లు అరిచేది. తలుపు తెరుచుకునేది. బుల్లెమ్మగారు మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉండేది. పాదం మీద నలుపు పక్కన సన్నటి గులాబీ అంచు కనబడిందని సర్జను చెప్పిన రోజు ఆవిడ ఆ మజ్జిగ తనే తాగేసి, ఖాళీ గ్లాసు ఆయన చేతికిచ్చింది.

ఆ మధ్యలో గున్నేశ్వరరావుగారు చూడ్డానికి వచ్చారు. అరటిపళ్ల అత్తం కింద పెట్టి, కూర్చుని, లేచి, మళ్లీ కూర్చున్నారు.

“చెప్పండి గున్నేశ్వరరావుగారూ, ఏంటి విశేషం?”

“ఏముందండి... వచ్చే నెల పాలకొల్లులో నాటకం ఒప్పుకున్నాం కదండి మనం. మానేద్దామంటే వాళ్లు వినలేదు. వేషం మీ మేనల్లుడు శ్రీనివాసరాజు గారికి ఇచ్చామండి. ఏమనుకోకండి.”

“వాడికి ఊపిరెక్కడిదండీ? మెట్లెక్కితేనే రొప్పుతాడు.”

“ఏం చేస్తామండి మరి.”

“చెయ్యనీండి, చెయ్యనీండి,” అన్నారు రాజుగారు. నవ్వుతూనే అన్నారు. గున్నేశ్వరరావుగారు వెళ్లాక మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నారు. కాలు పోతే కర్రతో నడుస్తాను, ఊపిరి పోతే ఏం పెట్టుకుని పాడతాను అనుకున్నారు. భార్యతో ఆ మాట అనలేదు. మర్నాడు ఛాంబర్లోకి వెళ్లేటప్పుడు ఎందుకో విపరీతంగా హుషారు తెచ్చుకున్నారు.

ఆ హుషారే కొంప ముంచింది.

ఆ రోజు ఒత్తిడి తగ్గించడం మొదలెట్టి, మాస్కు తియ్యగానే, రాజుగారు పాపాయమ్మకి తన నాటకాల కథ ఎత్తుకున్నారు. ఎప్పుడో ఆకివీడులో కరెంటు పోయినా, మైకు లేకుండా చివరి వరసదాకా వినబడేలా పాడిన సంగతి. చెబుతూ చెబుతూ, ఆవిడ ముఖం సరిగా కనబడటం లేదని స్ట్రెచరు మీద ఎడమ పక్కకి ఒత్తిగిల్లి, మోచెయ్యి ఆనించారు. ఆవిడ నవ్వింది. ఆయన ఇంకాస్త అటు ఒరిగారు.

“...అప్పుడండీ, జనమంతా నిశ్శబ్దం. నేను రాగం అందుకుని...”

అక్కడ మాట ఆగింది. ఎవరో ఎడమ ఛాతీ లోపల గుప్పిట పెట్టి, ఆ గుప్పిటని మెల్లగా తెరుస్తున్నట్టు అనిపించింది. నొప్పి భుజానికి పాకింది. ఊపిరి పీల్చుకోబోతే సగంలోనే అడ్డు తగిలింది. గట్టు మీద ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

“తర్వాత చెప్పండి రాజుగారూ,” అంది పాపాయమ్మ. ఆయన పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. “దీనమ్మా, ఈయన మాట్లాడ్డంలేదు. ఈయన మాట్లాడకపోవడం ఏంటి?”

దీనమ్మ అప్పటికే లేచింది. ఆయన ముఖం చూసింది, మెడ దగ్గర ఉబ్బిన నరం చూసింది, వెంటనే మైకు నొక్కింది.

“సార్, ఆపండి. ఒత్తిడి తగ్గించద్దు. రాజుగారికి ఆయాసం, నొప్పి. బాతు అరవడం లేదు.”

బయట మీటర్ల ముందు కూర్చున్న టెక్నీషియన్ జ్ఞానప్రకాశం అక్కడికక్కడే ఆపేశాడు. అతని పక్కనే ఉన్న డాక్టరు గొంతు స్పీకర్లో వచ్చింది. ఎప్పటిలాగే మెల్లగా ఉంది.

“ప్రకాశం, మళ్లీ కొంచెం లోపలికి గాలి పెట్టు. దీనమ్మా, గొట్టం మొదట్నుంచి చివరిదాకా చూడు. దారి మూసుకుపోతే గాలి తీయడానికి ఛాతీలో సూది పెట్టాలి, సిద్ధంగా పెట్టుకో. రాజుగారూ, వినబడుతోందా? నొప్పి ఇప్పుడు తగ్గుతుంది.”

గాలి సుయ్‌మంది. రాజుగారు ఆశ్చర్యపోయారు. డాక్టరు చెప్పినట్టే, ఒత్తిడి పెరుగుతున్న కొద్దీ ఛాతీలోని గుప్పిట మళ్లీ ముడుచుకోసాగింది. ఎవరూ ఒక్క మందూ వెయ్యలేదు. గాలి పెరిగితే నొప్పి తగ్గుతోంది. ఆయనకి జీవితంలో మొదటిసారి గాలి అంటే ఏమిటో కొద్దిగా అర్థమైంది.

దీనమ్మ ఆయన్ని మెల్లగా వెల్లకిలా తిప్పింది. గొట్టం ఆయన ఒంటి కింద, పరుపుకీ స్ట్రెచరు కమ్మీకీ మధ్య ఇరుక్కుని, తోటలో నీళ్ల పైపు మడత పడ్డట్టు రెండుగా మడిచి ఉంది. ఆమె దాన్ని బయటికి లాగి, సాపుగా చేసింది.

ఆ క్షణంలో బాతు అరిచిన అరుపు ఆ ఛాంబర్ పుట్టినప్పటినుంచీ ఎవరూ విని ఉండరు. ఒకటి కాదు, వరసగా, మంద మొత్తం చేలో దిగినట్టు. చివర్లో ‘పుర్ర్’మని ఇంకో మోత కూడా వచ్చింది.

పాపాయమ్మ ముక్కు మీద కొంగు పెట్టుకుంది. “ఇదీ బాతేనా, రాజుగారేనా?”

“బాతే పాపాయమ్మగారూ,” అంది దీనమ్మ. అంటూనే నుదుటి చెమట తుడుచుకుంది.

గుండ్రటి కిటికీలో బుల్లెమ్మగారి ముఖం కనబడింది. అద్దానికి ముక్కు ఆనించేసింది. రాజుగారు చెయ్యి ఎత్తి ఊపారు. ఆవిడ ఊపలేదు.

ఇక బయటికి రావడం మిగిలింది. ఈసారి చాలా మెల్లగా తెస్తామని డాక్టరు చెప్పాడు. దారి తెరిచే ఉంది, భయం లేదు, ఊపిరి బిగబట్టకుండా వదులుతూ ఉంటే చాలన్నాడు. రాజుగారు సరే అన్నారు. గాలి తగ్గడం మొదలవగానే ఆయనకి తెలియకుండానే ఒళ్లంతా బిగుసుకుంది. మళ్లీ ఆ గుప్పిట తెరుచుకుంటుందేమోనని ఎదురుచూస్తూ, పళ్లు కరిచి, గొంతు మూసేశారు. అంత ఊపిరి ఉన్న మనిషికి వదలడం చేతకావడం లేదు.

“సార్, బిగబడుతున్నారు,” అంది దీనమ్మ.

“లేదండీ,” అన్నారు రాజుగారు, బిగబట్టిన గొంతుతోనే.

ప్రకాశం మళ్లీ ఆపాడు. డాక్టరు స్పీకర్లో అన్నాడు, “రాజుగారూ, మీరు పద్యాలు పాడతారట కదా. పాడేటప్పుడు ఊపిరి బయటికే వస్తుంది. పాడుతూ రండి.”

“ఈ గొంతుతోనా?”

“ఈ గొంతుతోనే. పెద్దగా వద్దు. రాగం అసలే వద్దు. పక్కటెముకలు ఒప్పుకోవు.”

రాగం లేకుండా పద్యమా అని వేరే రోజైతే రాజుగారు ఆయనతో గంటసేపు వాదించేవారు. అప్పుడు వాదించేంత గాలి లేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన రాజు, తన కోట గుమ్మం ముందు కాపలావాడు గుర్తుపట్టకపోతే పాడే పద్యం ఎత్తుకున్నారు. అది ఆయనకి బాగా పేరు తెచ్చిన పద్యం. స్టేజీ మీద దాన్ని నాలుగు ఊపిర్లలో పూర్తిచేస్తారు. ఇప్పుడు మాటకో ఊపిరి అయింది. గొంతు ముక్కులోంచి వస్తోంది. రెండు మాటలు, ఆగడం, కాస్త పీల్చడం, ఇంకో రెండు మాటలు. బడిలో చిన్నపిల్లాడు అప్పజెప్పినట్టుంది. మధ్యలో బాతు తాళం వేస్తోంది.

“ఎవరైనా చూస్తే నవ్విపోతారు,” అన్నారు పద్యపాదం చివర ఆగి.

“మేం నవ్వం లెండి, కానివ్వండి,” అంది పాపాయమ్మ, నవ్వుతూనే.

పద్యం అయిపోయింది. ఇంకా గాలి తగ్గాల్సి ఉంది. ఇంకొకటి పాడారు. అదీ అయిపోతే మళ్లీ మొదటిది. మూడోసారి కాపలావాడి దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు ముక్కులోంచి మెల్లగా దిగి, తన చోటికి తను వచ్చి కూర్చుంది. గది చల్లబడి పొగమంచు పట్టింది. ఛాతీలో గుప్పిట లేదు. ఆయన ఊపిరి బిగబట్టలేదని ఆయనకే తర్వాత తెలిసింది. తలుపు తెరుచుకుంది.

ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తి విచ్చుకునే ఉంది. డాక్టరు ఫిల్మును వెలుతురుకి పట్టి చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు. ఇక నుంచి గొట్టాన్ని ఒంటికి రెండుచోట్ల టేపుతో అంటించాలనీ, రాజుగారు వెల్లకిలా తప్ప పడుకోకూడదనీ, లోపల కథలు చెప్పకూడదనీ రాయించాడు. చివరిది చదివి దీనమ్మ, “ఇది మందుల కంటే కష్టం సార్” అంది.

రాజుగారు మర్నాడు ఛాంబర్లోకి వెళ్లడానికి భయపడ్డారు. భయపడ్డానని పైకి చెప్పడం ఆయనకి అదే మొదలు. “వెళ్లకపోతే మీ ఇష్టం రాజుగారూ,” అంది పాపాయమ్మ. “నేనైతే వెళ్తున్నాను. అయితే ఈవేళ పద్యం ఉండదన్నమాట.” ఆ మాటతో ఆయన కదిలారు. ఆ తర్వాత ప్రతిరోజూ బయటికి వచ్చేటప్పుడు పద్యం ఉండేది. పాపాయమ్మకి పద్యాలు నోటికి వచ్చేశాయి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో రాజుగారికి ఆవిడే గుర్తుచేసేది.

ఒకసారి గున్నేశ్వరరావుగారికి ఫోను చేయించి, “మా మేనల్లుణ్ణి ఒకసారి ఇటు పంపండి” అన్నారు. శ్రీనివాసరాజు బిక్కుబిక్కుమంటూ వచ్చాడు. మామయ్య తిడతాడనే వచ్చాడు. రాజుగారు అతన్ని మంచం పక్కన కూర్చోబెట్టుకుని, “నీకు నా అంత ఊపిరి లేదు, ఫర్వాలేదురా అబ్బాయ్. నాకూ లేదిప్పుడు. మాటకీ మాటకీ మధ్య ఎక్కడ పీల్చుకోవాలో చెబుతాను, విను” అన్నారు. మూడు రోజులు వాడు అక్కడే ఉండి నేర్చుకున్నాడు. నాటకం బాగా జరిగిందని, వాడు ఎక్కడా రొప్పలేదని గున్నేశ్వరరావుగారు కబురు చేశారు. తన పిక్కలు కూడా సుఖంగా ఉన్నాయని చెప్పారు.

పాదం దక్కింది. చిటికెన వేలు ఒక్కటి తీసేశారు. ఛాంబర్ పని పూర్తయ్యాక, ఊపిరితిత్తి చిల్లు మూసుకుందని తేల్చుకుని, గొట్టం తీసేశారు. లాగేటప్పుడు రాజుగారు మొహం చిట్లించారు గానీ, ఖాళీ అయిన పక్కని తడుముకుంటూ, “ఇదేంటోనండీ, ఒంటరిగా ఉంది” అన్నారు. దీనమ్మ నవ్వింది. కొన్నాళ్లదాకా విమానం ఎక్కొద్దనీ, సముద్రం లోపలికి డైవింగు మాత్రం ఈ జన్మలో చెయ్యొద్దనీ డాక్టరు చెప్పాడు. రొయ్యల చెరువులో మోకాల్లోతు దాటి తానెప్పుడూ దిగలేదని రాజుగారు హామీ ఇచ్చారు. పాపాయమ్మ అంతకు రెండురోజుల ముందే తుని వెళ్లిపోయింది. కాలి పుండు ఎండిందని నడవా పొడుగునా అందరికీ చూపించి మరీ వెళ్లింది.

ఇంటికి వెళ్లే రోజు కారు గోదావరి వంతెన ఎక్కింది. నది నిండుగా, ఎర్రగా పారుతోంది. రాజుగారు వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చున్నారు. బుల్లెమ్మగారు ఆ కాలిని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. ఉన్నట్టుండి అంది:

“ఆ రోజు మీరు లోపల పాడింది నేను బయట విన్నానండి. ఆ స్పీకర్లో.”

రాజుగారు సర్దుకున్నారు. “విన్నావా? ఘోరంగా ఉందా?”

“ముక్కుతో పాడారు.”

“అది నా తప్పు కాదే. అక్కడ గాలి అలాంటిది.”

“ఉండండి, చెప్పనీండి. ముప్పై ఏళ్లనుంచి వింటున్నాను కదండీ ఆ పద్యం. ఇంట్లో, స్టేజీ మీద, చెరువు గట్టు మీద. దాంట్లో మాటలు ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది. ఎప్పుడూ రాగమే కదండీ వినబడేది. ఆ రోజు మీకు ఊపిరి లేక ఆగి ఆగి పాడితే, మాటలన్నీ వినబడ్డాయి. భలే ఉందండి ఆ పద్యం.”

రాజుగారు కోపం తెచ్చుకుందామని చూశారు, రాలేదు. నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకలు నొప్పెట్టాయి, నొప్పెడితే ఇంకా నవ్వొచ్చింది. డ్రైవరు వెనక్కి తిరిగి చూసి కారు నెమ్మది చేశాడు.

“సరే, ఏం అర్థమైందో చెప్పండి బుల్లెమ్మగారూ,” అన్నారు చివరికి కళ్లు తుడుచుకుంటూ.

ఆవిడ చెప్పడం మొదలెట్టింది. ఆ రాజు పాపం యుద్ధంలో తిండి లేక వచ్చాడట, అందుకే కాపలావాడి మీద అంత కేకలట. గుమ్మం తీస్తే ముందు వంటింట్లోకే వెళ్లేవాడట. కోటలో రాణి అప్పటికే అన్నం వార్చి పెట్టుకుని కూర్చుందట. భీమవరం వచ్చేదాకా చెబుతూనే ఉంది. దాంట్లో సగానికి పైగా పద్యంలో లేనిదే. రాజుగారు ఎక్కడా దిద్దలేదు.